వేకువ పని

ఇంట జేసిన యుదయాహారము మేలా, అంగడినుండి తెచ్చినది మేలా యని యడిగినచో మన చదువరులలో ఇంచుమించుగా అందఱును ఇంటిదే మేలందురు. మేమును అట్లే యందుము. ఇంటి పిండిలో నేమి కలిసినదో మనకు తెలియును. నూనె యెన్నిమాఱులు కాగినదో తెలియును. బడికి పోవు పిల్లలును, పనికి పోవు పెద్దలును దినమునకు ఒక్కమాఱైనను ఒకచోట గూర్చుండుటకు అది యొక కారణ మగును. ఇందు వివాదము లేదు. విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి గలదు. దానిని మన గృహములలో నడుగువా రరుదు. ఈ యాహారము వేళకు సిద్ధమగుటకై అందఱికంటె ముందుగా లేచువా రెవరు? ఆ లేచుట ప్రేమచేతనా, ధర్మముచేతనా, లేక తాను లేవకున్న మఱియెవరును లేవరని తెలిసియుండుటచేతనా? పైకి చూచినచో మూడును ఒక్క తీరుననే యుండును. మూడిటను పొయ్యి వెలుగును, రొట్టె కాలును, పిల్లలు తిని పోదురు. కాని మూడును ఒకటి కావని మా యభిప్రాయము.

రొట్టెకును రాత్రినిద్రకును గల వైరము మన దేశమున మాత్రమే పుట్టినది కాదు. ఐరోపా పట్టణములలో జనులు తెల్లవాఱగనే అప్పుడు కాలిన రొట్టెను కోరుదురు. ఆ రొట్టె యుదయమున నంగడిలో నుండవలయునన్న, కాల్చువాడు అర్ధరాత్రమున పిండి పిసుకవలయును. తరతరములుగా వా రట్లు రాత్రులు మేలుకొనిరి; పిండిదుమ్ములో, పొయ్యిసెగలో పనిచేసి ఆరోగ్యము చెడగొట్టుకొనిరి. తుదకు 1919లో ఫ్రాన్సుదేశము రాత్రివేళ రొట్టెలు చేయుటను నిషేధించుచు శాసనము చేసెను. 1925లో జెనీవా నగరమున అంతర్జాతీయ కార్మికసంస్థవారి సమావేశము ఆ విషయముననే యొక యొడంబడికను అంగీకరించెను. దానినిబట్టి రాత్రి యనగా ఎడతెగని యేడు గంటల కాలము. సామాన్యముగా రాత్రి 11 గంటలు మొదలు తెల్లవాఱుజాము 5 గంటలవఱకు గల వేళ అందు చేరియుండవలయును. ఆ కాలమున రొట్టెలు చేయరాదు. కూలివానికే కాదు, దుకాణపు యజమానికిని ఆ నిషేధము వర్తించునని వ్రాసిరి. అయితే అందొక మినహాయింపు గలదు. ఒక కుటుంబమువారు తమ యింటి వాడుకకై తామే చేసికొను రొట్టెకు నిషేధము లేదు.

ఈ మినహాయింపు న్యాయమే. వంటింటిలోనికి పోలీసువానిని పంపుట యెవరికిని సమ్మతము కాదు. అయినను శాసనము గడపవద్ద నిలిచిపోయినంతమాత్రమున, ఆ శాసనమును పుట్టించిన న్యాయబుద్ధియు గడపవద్దనే నిలిచిపోవలయునా? ఒకరి పలహారముకొఱకు మఱియొకరి నిద్రను ప్రతిదినమును తీసికొనరాదని ఆ సమావేశమున గూడినవారు తలచిరి. తీసికొనువారు భర్తయు బిడ్డలును, ఇచ్చునది భార్యయు తల్లియు నైనపుడు ఆ మాట అసత్య మగునా? "కుటుంబమువారు చేసికొను రొట్టె" యను పలుకులోనే చిక్కున్నది. కుటుంబము రొట్టె చేయదు. కుటుంబములో నొకరు చేయుదురు.

రొట్టె యనగానే అంగడి పావురొట్టెయే తలపునకు రానక్కఱలేదు. మన గృహములలో కాల్చు రొట్టెలకు కొదువ లేదు. గోదావరి మండలములలో దిబ్బరొట్టె గలదు. మినపపప్పును నానబెట్టి గట్టిగా రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, అడుగు మందమైన యినుపమూకుడులో నూనె పోసి, పిండిని దళసరిగా పఱచి, మూతపెట్టి సన్నని సెగను చాలసేపు కాల్తురు. కట్టెలపొయ్యి దినములలో మూతమీదను నిప్పులు వేయుచుండిరి. క్రిందినుండియు మీదినుండియు వేడి తగిలి, అడుగున ఎఱ్ఱని పెచ్చును లోపల దూదివంటి మెత్తదనమును కుదురుచుండెను. దానికి చెఱకుపానకము తోడైనచో మఱియొకటి యక్కఱలేదు. తెలంగాణమున సర్వపిండి గలదు. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము కలిపి, గుండ్రని సర్వ లోపలి గోడలకు చేతితో నద్ది, వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో నూనె విడిచి కాల్తురు. ఓవెను పేరైన వినకమునుపే మన స్త్రీలు ఓవెను చేయు పనిని మూకుడుతోను సర్వతోను సాధించిరి.

వీనిని తినువారు కాలు సమయమునే యెఱుగుదురు. చేయువారికి ఆ పని ముందటిదినమే మొదలగును. మినపపప్పు మధ్యాహ్నమున నానవలయును, సాయంకాలమున రుబ్బవలయును, ఇడ్డెనల పిండియైనచో రాత్రియంతయు పులియవలయును. పులియుట మనుష్యుల పని కాదు. పప్పునందును బియ్యమునందును సహజముగా నుండు సూక్ష్మజీవులు ఆ పని చేయును. అవి విడుచు వాయువుచేత పిండి పొంగును. చలికాలమున నవి మందగించును గనుక పిండిగిన్నెను వెచ్చని తావున నుంచవలయును. ఎండకాలమున త్వరపడును గనుక పులుపెక్కకుండ జాగ్రత్తపడవలయును. ఇట్లు ఇల్లంతయు నిద్రించుచుండ పిండి పనిచేయుచుండును. కాని ఆ పిండి యచట నుండుటకు, పప్పు నానవేయవలయునను మాటను ఎవరో యొకరు మధ్యాహ్నమే జ్ఞాపకముంచుకొనవలయును.

మేము పని యని చెప్పుచున్నది ముఖ్యముగా నీ జ్ఞాపకమునే. చేతుల కష్టమును యంత్రములు కొంత తగ్గించినవి. 1950 దశాబ్దమున కోయంబత్తూరులో విద్యుచ్ఛక్తితో తిరుగు రుబ్బురోలు పుట్టినది మొదలు, రోటిముందు గంటలకొలది కూర్చుండు బాధ క్రమక్రమముగా తీఱినది. అది గొప్ప యుపకారము. అయితే రేపటికి రవ్వ యున్నదా, పెరుగు తోడుకొన్నదా, పెద్దాయనకు పులుపు పడదు గదా, చిన్నవానికి పరీక్ష గనుక అరగంట ముందు పెట్టవలెను గదా యను చింతను ఏ యంత్రమును మోయదు. చేతిఫోను గంట మ్రోగించి జ్ఞాపకము చేయగలదందురు. ఆ గంటను పెట్టునదియు నామెయే. ఇంటిలో నలుగురుండగా మూడు తలలు రాత్రి తేలికగా దిండుమీద వాలుటకు, నాలుగవ తలలో నెల్లప్పుడును రేపటి పలహారము తిరుగుచుండుటయే కారణము. మన తిరుగటిపాటలను, దంపుళ్ళపాటలను సేకరించి ముద్రించుట మంచిపనియే. వానిని చదివి, వేకువను విసరుట యెంత మనోహరమో యని మైమఱచువారు, అలసట తెలియకుండుటకై ఆ పాటలు పాడుచుండిరని మఱువకుందురు గాక.

పాత్రల యాకారములోనే న్యాయాన్యాయములు కొంత యిమిడి యున్నవని చెప్పినచో చదువరులు నవ్వుదురేమో. అయినను చెప్పుచున్నాము. దోసె ఒక్కొక్కటిగా కాలును. పెనము చెంత నొకరు నిలిచి వేయుచుండ, తక్కినవారు వరుసగా వేడివేడిగా తిందురు. వేయువారు తుదను, పెనము చల్లాఱుచుండగా, పొయ్యిగట్టుకడనే నిలిచి తిందురు. అప్పటికి పచ్చడి మిగిలిన మిగులును. సర్వపిండియు నట్టిదే. ఒకటి కాలినపిదప సర్వ చల్లాఱినగాని రెండవదానిని చేతితో నద్దుటకు వీలులేదు. అందుచేత నేర్పరులు రెండు సర్వలు పెట్టుకొందురు. దిబ్బరొట్టె గుణము వేఱు. పిండి పఱచి మూతపెట్టిన పిదప అది తనంతట కాలును. ఆ వ్యవధిలో స్నానము చేయవచ్చును, పత్రిక చదువవచ్చును. దింపి ముక్కలుగా గోసినచో అందఱికిని ఒక్కమాఱే వచ్చును. చేసినవారును అందఱితో గూర్చుండి తినవచ్చును. ఇడ్డెనలును ఈ జాతివే. దోసె వేడిగానే తినవలయునను నియమము రుచినిబట్టి నిజమే. ఆ నియమముచేత ఇంటిలో నొకరు ఎన్నడును అందఱితో గూర్చుండి తినరన్నచో, రుచికి మన మిచ్చుచున్న వెల యేదో తెలిసియే యీయవలయును. దోసెలు మానుడని మేము చెప్పము. మూడవ దోసెతో తన యాకలి తీర్చుకొని లేచి, "ఇక నీవు కూర్చో, నేను వేసెదను" అని అట్లకాడ నందుకొను మగవారిని మేము చూచియున్నాము. దానివలన వారి గౌరవమునకు లోపము కలిగినట్లు మాకు కనబడలేదు.

ఇట్లనగా కొందఱు పెద్దలు, "ఇది తాతముత్తాతలనాటినుండి వచ్చుచున్న గృహిణీధర్మము, దీనిని తర్కింపరాదు" అందురు. ప్రతిదినమును వేడి పలహార మనునది వారు తలచునంత పురాతనమైనది కాదు. మన పల్లెలలో ఉదయాహార మనగా చద్దియన్నమే. రాత్రి మిగిలిన యన్నములో మజ్జిగయో గంజియో పోసియుంచి, తెల్లవాఱినపిదప ఊఱగాయతోడనో ఉల్లిపాయతోడనో తినుచుండిరి. దానికై యెవరును వేకువను పొయ్యి రాజవేయనక్కఱ లేకుండెను. పోతన భాగవతమున దశమస్కంధములో గోపబాలురు కృష్ణునితో గూడి చల్దులు గుడిచిన ఘట్టము నెఱుగని తెలుగువా రరుదు. జగన్నాథునకు చద్ది సరిపోయినది. పలహార మను మాటయే ఫలాహారమునుండి వచ్చినది. అది ఉపవాసదినముల మాట. అట్ల పేర అట్లతద్దె యను నోమే వెలసెనన్న, అట్లు నిత్యము కాని కాలమున నది పుట్టెనని తోచుచున్నది. ఇడ్డెనలును దోసెలును ప్రతియుదయపు వాడుక యగుట, కాఫీతోడను కాఫీహోటళ్ళతోడను ఇరువదియవ శతాబ్దమున పట్టణములనుండి వ్యాపించిన యలవాటు. అలవాటు చెడ్డదని మేమనము. తాతలనాటి ధర్మమని దానిని మన్నింపుమనుట మాత్రము చెల్లదు.

రెండవ యాక్షేపణ బలమైనది. "ఆమెను లెమ్మని యెవరును ఆజ్ఞాపింపలేదు. తానే యిష్టపడి లేచుచున్నది. బిడ్డలు తినుచుండ చూచుటలో నామెకు సంతోషము గలదు" అందురు. ఆ సంతోషము నిజమే. దానిని కాదనుటకు మాకు నోరు రాదు. అయితే ఇష్ట మను మాటను రొట్టెల చరిత్రలోనే యొకమాఱు పరీక్షింపవలసి వచ్చెను. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 1895లో రొట్టెల దుకాణములలో పనివారిచేత దినమునకు 10 గంటలకు, వారమునకు 60 గంటలకు మించి పనిచేయింపరాదని శాసించెను. 1905లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము లాక్నరను దుకాణదారుని వ్యాజ్యమున ఆ శాసనమును కొట్టివేసెను. ఎన్ని గంటలు పనిచేయుటకు ఒప్పుకొనవలయునో పనివాని స్వేచ్ఛకు విడువవలయునని అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి, నలుగురు విభేదించిరి. ఒప్పుకొనకున్న కొలువు పోవునని తెలిసినవాని యొప్పుకోలు ఏపాటి స్వేచ్ఛ? 1937లో, హోటలులో గదులు శుభ్రపఱచు నొక స్త్రీ తన కనీసవేతనముకొఱకు తెచ్చిన వ్యాజ్యమున, అదే న్యాయస్థానము పాత త్రోవను విడిచిపెట్టెను.

ఇష్టమునకు మేమెఱిగిన గుర్తు ఒక్కటే; కాదనగలుగుట. గృహిణి యొకనాడు ఏడు గంటలవఱకు నిద్రించినచో ఆ యింట నేమి జరుగును? ఎవరో యొకరు లేచి రవ్వ వేయించి ఉప్మా చేయుదురా? లేక అందఱును మంచముచుట్టును మూగి, "ఒంట్లో బాగులేదా?" అని యడుగుదురా? ఈ ప్రశ్న దయతో నడిగినదే. కాని జ్వరము వచ్చినగాని నిద్రించు నధికారము లేదను సంగతి ఆ దయలోనే బయటపడుచున్నది. ఆమె హృదయమున ప్రేమ లేదని మేము చెప్పుట లేదు. ఉన్న ప్రేమను ప్రేమగా గుర్తించు త్రోవను ఆమెకును మనకును కూడ మూసివేసికొంటిమని మా బాధ. తాను లేవకున్నను ఇల్లు నడచునని తెలిసిన దినమున ఆమె లేచి రొట్టె కాల్చినచో అది కానుక. అంతవఱకు దాని నేమని పిలువవలయునో ఆమెకే తెలియదు.

మగవాడు సంపాదించుచున్నాడు గదా యను మాటను వేగముగా దాటవచ్చును. ఇద్దఱును కొలువులకు పోవు నిండ్లలో ఆ మాటకు తావే లేదు. ఒక్కడే సంపాదించు నింట పని కొంత పంచుకొనుట న్యాయమే గాని, కొలువునకు ఆదివారము గలదు, సెలవు గలదు, పదవీవిరమణ గలదు. డెబ్బదియేండ్ల వృద్ధుడు పింఛను తీసికొనుచు వీధియరుగుమీద కూర్చుండియుండగా, అఱువదియెనిమిదేండ్ల యాతని భార్య యింకను ఉద్యోగముననే యుండును.

భారతప్రభుత్వమువారు 2019లోను, మరల 2024లోను, జనులు తమ దినమును గడపు తీరును లెక్కించిరి. జీతము లేని యింటిపని చేసిన స్త్రీలు దానికై దినమునకు సగటున 2019లో 299 నిమిషములును, 2024లో 289 నిమిషములును వెచ్చించిరి. ఆ పనిలో పాల్గొన్న పురుషులకు అవి 97, 88 నిమిషములు. స్త్రీలకు పది నిమిషములు తగ్గినవని సంతోషించు లోపుననే పురుషులకును తొమ్మిది తగ్గినవి! పైగా 2024లో ఆ పనిలో చేయిపెట్టిన పురుషులు నూటికి 27 మంది. స్త్రీలు 81 మందికి పైగా నుండిరి. వీరేశలింగముగారు 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధినిని వెలువరించిరి. అట్టివారి ఋణము తీఱునది కాదు. కాని పత్రిక చదువుటకు అక్షరజ్ఞానముతోబాటు ఒక గంట తీఱికయు గావలయును. ఆ గంటను ఎవరి దినమునుండి తీసి యిత్తుమో ఆలోచింపక స్త్రీవిద్యను పొగడుట సగము పనియే.

"అట్లయిన అంగడినుండి తెప్పింతము, ఆమెకు విశ్రాంతి కలుగును" అని యుదారులు కొందఱందురు. అప్పుడప్పుడు అదియు మంచిదే. దానినే నిత్యపరిష్కారముగా జేసినచో వేకువ పని మాయము కాదు. మన వంటింటినుండి వీధికి దాటును. వీధిమూల బండిమీద తెల్లవాఱకమునుపే ఆవిరి కనబడవలెనన్న, ఆ బండివాని యింట ఇంకెంత ముందుగా దీపము వెలుగవలయునో చూడుడు. చట్నీ రుబ్బునది పలుచోట్ల అతని భార్యయే. వారికి నాలుగు డబ్బులు ముట్టును, అది మేలే. మనలో మనము పంచుకొనలేని పనిని రూపాయలిచ్చి బీదవారి నిద్రమీదికి త్రోసి, సమస్య తీఱినదని తలచుట మాత్రము మాకు నచ్చలేదు. కోడలు వచ్చినది గనుక అత్తకు వేకువ సుఖనిద్ర కలిగినదని చెప్పుకొను ఇండ్లలో జరుగునదియు ఇదియే. ఇచట చేయి మాఱినది గాని లెక్క మాఱలేదు.

2020 మార్చి 25 మొదలు దేశమంతటను జనులు ఇండ్లలోనే యుండవలసివచ్చినపుడు, పట్టణపు గృహములలో ఓవెనులలో రొట్టె కాల్చుట యొక వేడుకగా వ్యాపించెను. ఈస్టు కలిపిన పిండి పొంగుట యెట్టిదో మొదటిసారి కన్నులార చూచిన పురుషులును కలరు. ఇది శుభారంభమే. అయినను ఆదివారమున గృహస్థు డొక రొట్టె కాల్చినచో, పెచ్చుకట్టిన దాని యందమును ఛాయాచిత్రము దీసి బంధువులకు పంపుదురు, ఇల్లంతయు మెచ్చుకొనును, పిండియంటిన గిన్నెలు మాత్రము తొట్టిలో నెవరికొఱకో ఎదురుచూచుచుండును. అదే యింట ఏడాది పొడుగున దోసెలు వేయు చేతికి దక్కునది "నేడు ఉప్పు కొంచెము తగ్గినది" అను మాట. తోచిన దినమున వండుట వినోదము. తోచని సోమవారమునను, వాన కురియు మంగళవారమునను వండువారి పనిలో మూడవవంతైనను తనదిగా తీసికొనినగాని ఆదివారపు రొట్టెకు ఇంటిపని యను పేరు రాదు.

గీత మూడవ యధ్యాయమున, తనకొఱకే వండుకొనువారు పాపమునే తినుచున్నారని యొక శ్లోకము గలదు. మన మగవారు దానిని నిర్భయముగా పారాయణము చేయవచ్చును. వారు తమకొఱకు వండుకొనరు గదా, ఎవరికొఱకును వండరు! దానికి ముందటి శ్లోకము ఇంకను తీక్ష్ణమైనది. ఇచ్చినదానిని మరల నీయక యనుభవించువాడు దొంగ యని యది చెప్పుచున్నది. అది దేవతలను గూర్చి చెప్పినది. అయినను గృహమునకు అన్వయించుటకు మాకు జంకు లేదు. మరల నిచ్చుట యనగా పండుగకు పట్టుచీర కొనుట కాదు. రేపటికి పప్పు నానవేయవలయునను జ్ఞాపకమును తన తలలో పెట్టుకొనుట, అడుగక, "ఏమి చేయమందువు?" అని ఆమెచేతనే మరల నాలోచింపజేయక, తానే చేయుట.

తల్లులతో నొక మాట చెప్పవలసియున్నది. పండ్రెండేండ్ల కుమారుడు పొయ్యికడకు వచ్చి అట్లకాడ పట్టుకొనబోయినపుడు, "నీకెందుకురా, నేనున్నానుగా" అని వానిని పంపివేయుట మీకు ప్రేమగానే తోచును. ఆ వయస్సు కుమార్తెను మీ రట్లు పంపివేయరు. ఇరువదియేండ్ల తరువాత ఆ ప్రేమ ఫలమును మఱియొక యింటినుండి వచ్చిన పిల్ల యనుభవించును. నానుటకు ఎంత నీరు పోయవలెనో, రుబ్బిన పిండి ఎంత గట్టిగా నుండవలెనో, మూత యెప్పుడు తీయవలెనో బాలునకు నేర్పుట కష్టము కాదు. మొదటి నెల వాని దిబ్బరొట్టె అడుగున మాడును, నడుమ పచ్చిగా నుండును. సెగ తగ్గింపవలయునని రెండవ నెలకు వానికే తెలియును. మాడిన పెచ్చును గీకివైచి, అల్లపుపచ్చడితో తినవచ్చును. తినుచున్నంతసేపును ఆమెయు అందఱితోబాటు కూర్చుండియే యుండును. నడుమ నెవరైన మంచినీళ్ళడిగినచో లేచువారు వేఱొకరై యుందురు.